నలభై అడుగుల లోతున బాండ్‌గారి విమానం!

‘థండర్‌బాల్’ చూశారా? షాన్ కానరీ జేమ్స్‌బాండ్‌గా వేసిన 1965 నాటి చిత్రం. విలన్ లార్గో ముఠా రెండు అణుబాంబులున్న వల్కన్ విమానాన్ని కాజేసి, సముద్రం అడుగున ఇసుకలో దింపి, పైన వల కప్పేస్తుంది. ఆ విమానం కోసం వేసిన సెట్టు తాలూకు ఇనప గొట్టాల చట్రం ఇవాళ్టికీ నీళ్లలోనే ఉంది! ఎక్కడంటారా? బహమాస్‌లో, నసావ్ నగరం ఉన్న న్యూ ప్రావిడెన్స్ దీవికి నైరుతి దిక్కున. దాని నిండా ఇప్పుడు విసనకర్రల్లాంటి మెత్తటి పగడాలు మొలిచాయి. (పటం చూస్తే బహమాస్ అట్లాంటిక్‌లో ఉందనుకోండి. అయినా కరేబియన్ దీవుల జట్టులోనే లెక్కేస్తారు.)

ఈ డిసెంబర్‌లో ఆ విమానాన్ని చూడబోతున్నాం. నేనూ, నా మేనల్లుడూ. వాడికి పదకొండేళ్లు. అక్కా బావా ఫ్లోరిడాలో ఉంటారు. అక్కడే స్కూబా శిక్షణ పూర్తిచేసి జూనియర్ కార్డు సంపాదించాడు భడవ! నేను అండమాన్‌లో నేర్చుకున్నాను. మా అక్కకి ఈత కూడా రాదు. “ఒరేయ్, వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా” అని ఒక్క మాటంది ఫోన్‌లో. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. మా అక్క మాట్లాడకుండా ఊరుకుందంటే సంగతి ఎంత పెద్దదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే రెండు నెలలుగా కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. “నలభై అడుగులకి ప్లానెందుకోయ్ బావమరిదీ, వందడుగులైతే సరే” అని బావ నవ్వుతాడు. బావే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. లోతు తక్కువ డైవంటే సినిమాకి ముందు వేసే న్యూస్‌రీలు లాంటిదని!

నిజానికి అసలు సినిమా పైనే ఉంది. నీళ్లలో ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు. కిందికి దిగేకొద్దీ అంతా నీలం, బూడిద రంగే. ఈస్ట్‌మన్ కలర్ కావాలంటే పైనే ఉండాలి. గాలి కూడా అంతే. వంద అడుగుల దగ్గర అరగంటకి అయిపోయే సిలిండరు, 33 అడుగుల దగ్గర గంటదాకా వస్తుంది. డైవర్లు ఎక్కువగా వాడే ఒక పట్టిక చూస్తే, 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలే ఉండొచ్చు. 12 మీటర్ల దగ్గర 147 నిమిషాలు! అన్నిసేపు మన సిలిండరే రాదు లెండి.

మరి భయం లేదా అంటే, ఉంది. అదీ పైనే ఉంది. ఉపరితలం నుంచి 33 అడుగులు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ తర్వాత ఇంకెక్కడా అంత కొద్ది దూరంలో అంత తేడా రాదు. చెవులు ‘టప్’మని సర్దుకోవాల్సిందీ అక్కడే. మన హీరోలు బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి నీళ్లలో ఫైటింగులు చేస్తారు చూశారూ, సిలిండరు గాలి పీల్చేవాడు ఆ పని అస్సలు చెయ్యకూడదు. ఊపిరి బిగబట్టి నాలుగైదు అడుగులు పైకి తేలినా చాలు, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. దానికితోడు గాలి ఖర్చయ్యేకొద్దీ సిలిండరు రెండు కిలోల పైచిలుకు తేలికవుతుంది. పిల్లాడు బుడగలా పైకి లేచిపోకుండా నడుముకి ఎంత బరువు కట్టాలో మొదటి డైవులోనే తేల్చుకోవాలి. అందుకే ఆ మొదటి డైవు ఇరవై అడుగుల లోతున, ఇసుక నేల మీద పెట్టాను. విమానమూ లేదు, బాండూ లేడు. దానికి మావాడు మొహం ముడుచుకున్నాడు.

అసలు పేచీ వేరే ఉంది. పది, పదకొండేళ్ల పిల్లలకి పరిమితి 12 మీటర్లు, అంటే నలభై అడుగులు. పన్నెండు నిండితే 18 మీటర్లు. విమానం పడుకున్న ఇసుక సరిగ్గా ఆ నలభై అడుగుల ప్రాంతంలోనే ఉంది! ఆ పక్కనే ఇంకో సెట్టు, 1983లో కానరీ మళ్లీ బాండ్‌గా వచ్చిన ‘నెవర్ సే నెవర్ ఎగైన్’లోని ఓడ, కాస్త ఎక్కువ లోతులో ఉంది. మావాడికి పన్నెండు నిండేది ఫిబ్రవరిలో. “ఐదారడుగులకి, రెండు నెలలకి ఏమవుతుందోయ్?” అంటాడు బావ.

ఏమీ కాకపోవచ్చు. కానీ పిల్లల చెవి నాళాలు సన్నగా ఉంటాయి, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతుంటాయి. పైగా అంత అందమైన వస్తువు కళ్లముందుంటే ఏ పిల్లాడు గేజీ చూస్తాడు చెప్పండి? కాబట్టి విమానాన్ని పైనుంచే, ముప్ఫై మూడు అడుగుల దగ్గర తేలుతూ చూస్తాం. ఇసుక మీదికి దిగేది లేదు. ఓడ ఈసారికి లేదు. వాడి పక్కన నేనొక్కణ్ణే కాదు, ఒక శిక్షకుడు కూడా ఉంటాడు. దానికి డబ్బు దండగని బావ గొణిగాడు. అక్క వెంటనే పంపింది.

తుఫాన్ల కాలం నవంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి డిసెంబర్ ఎంచుకున్నాం. చలికాలంలో ఉత్తరపు గాలి లేస్తుంది కానీ నైరుతి వైపు దీవే అడ్డుంటుంది. నీళ్లు మాత్రం కాస్త చల్లన. పిల్లలకి చలి తొందరగా పడుతుంది, మందపాటి సూటు తప్పదు. ఇక విమానం, అంటే మేమెక్కే విమానం! చివరి డైవు తర్వాత, ఎంత తక్కువ లోతైనా సరే, కనీసం 18 గంటలు ఆగాలి. బావ తీసిన టిక్కెట్లు ఆ మర్నాడు తెల్లవారుజాముకి! వాటిని ఇంకో రోజు వెనక్కి జరిపించడానికి నేను చేసిన ఫోన్లు లెక్కపెడితే ఇంకో వ్యాసమవుతుంది.

మావాడికి ఓడ సంగతి చెప్పాను. ఒక నిమిషం మాట్లాడలేదు. అచ్చం వాళ్లమ్మే! తర్వాత, “మామయ్యా, ఫిబ్రవరి తర్వాత మళ్లీ వెళ్దామా?” అన్నాడు. వెళ్దామన్నాను. ప్రస్తుతానికి తడి సూటు లోపల ‘గోల్డ్‌ఫింగర్’లో బాండ్‌లా తెల్లకోటు వేసుకుంటానని పట్టుబట్టాడు. కోటు కుదరదు. కోటు బొమ్మ వేసిన బనీను కోసం అక్క షాపులన్నీ తిరుగుతోంది.