గోపిగాడు గుడ్డు పెట్టాడు

2021 మే నెల, కరోనా రెండో వేవ్. అల్లవరంలో మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. పెరట్లోంచి అత్త కేక: "ఒరేయ్, మీ గోపిగాడు గుడ్డు పెట్టాడ్రా!" నేను మ్యూట్‌లో లేను. టీమంతా నవ్వారు.

గోపి నా తాబేలు. 2014లో హైదరాబాద్‌లో కొన్నప్పుడు రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా ఉండేది. కంటి వెనక ఎర్ర చార ఉంటుంది చూడండి, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు, ఆ రకం. వీటి సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది వైపు. అంత చిన్నప్పుడు ఆడో మగో చూసి చెప్పలేం. పెద్దయ్యాక మగవాటికి ముందుకాళ్ళ గోళ్ళు పొడుగ్గా పెరుగుతాయి. దీనికి పెరగలేదు. ఏడేళ్ళు రోజూ చూస్తూ కూడా నేనది గమనించలేదు. కవిత్వంలో ఒక్క కామా మీద రెండు పేజీలు రాసే మనిషిని!

టబ్బులో, నీళ్ళ అడుగున, తెల్లగా కోలగా ఒక గుడ్డు. నేను ఫోటో తీద్దామని ఫోన్ తెచ్చేసరికి గోపి దాన్ని సగం తినేసింది.

మగది లేకుండా ఎలా? నాకొచ్చిన మొదటి అనుమానం ఇదే. అత్త జాలిగా చూసింది. "పుంజు లేకపోతే పెట్ట గుడ్లు మానేస్తుందేవిట్రా? నువ్వు హైదరాబాద్‌లో తినే ఆమ్లెట్లన్నీ అవే కదా." నిజమే. మగతోడు కావాల్సింది పిల్లకి, గుడ్డుకి కాదు. ఆడ తాబేళ్ళు ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని ఒంట్లో ఏళ్ళ తరబడి దాచుకోగలవు. కానీ గోపి పిల్లప్పట్నుంచీ ఒంటరిదే. ఎన్నాళ్ళుంచినా పిల్లలు రాని గుడ్లు ఇవి.

మర్నాటి నుంచి తిండి మానేసింది. రాత్రంతా టబ్బు గోడ గీరుతూనే ఉంది. హైదరాబాద్‌లో తెలిసిన పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, లోపల ఇంకా గుడ్లుంటాయన్నాడు. నీటి తాబేలైనా గుడ్డు నేలలోనే పెట్టాలి. తవ్వుకోడానికి మట్టి దొరక్కపోతే బిగబట్టుకు కూర్చుంటుంది, అవి లోపల ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది. ఎక్స్-రే తీయించమన్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఎక్కడ తీయించను?

నేను ఫోన్ పెట్టేలోపే అత్త గునపం తీసింది. కొబ్బరిచెట్టు పక్కన మట్టి గుల్ల చేసి, ఇసక కలిపి, తడిపి, చుట్టూ ఇటుకలు పేర్చింది. ఆవిడకి ఇది కొత్త కాదు. ఓడలరేవు మా మండలమే. చలికాలం పోయే రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఆ ఇసకలోకొచ్చి తలా వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. వలల్లో పడి ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినవీ కనబడతాయి.

గోడవతల నుంచి పక్కింటాయన తొంగి చూశాడు. "మగదిక్కు లేకుండా గుడ్లేవిటమ్మా, చోద్యం కాకపోతే!" నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

అత్తకి అరవై రెండు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళిద్దర్నీ చదివించి, వాళ్ళు ఊళ్ళు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. 'మగదిక్కు' అన్న మాట ఎంతమంది నోట ఎన్నిసార్లు విన్నదో. ఈసారి దానికి నా నవ్వు కూడా తోడైంది. ఏం మాట్లాడాలో తెలీక బిందె తీసుకుని నీళ్ళు తేవడానికి వెళ్ళాను.

సాయంత్రం గోపి తవ్వింది. వెనక కాళ్ళతోనే, ఒకదాని తర్వాత ఒకటి. మట్టి గట్టిగా తగిలితే తనే నీళ్ళు వదిలి తడుపుకుంది. ఏడు గుడ్లు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మళ్ళీ అవే కాళ్ళతో మట్టి లాగి, అణిచి, అలిసిపోయి అలాగే ఉండిపోయింది. గంటన్నర పట్టింది. అత్త పీట వేసుకుని అక్కడే కూర్చుంది.

"పిల్లలు రావు కదా?"

"రావత్తా. తీసేస్తాను."

"ఇవాళ్టికి ఉండనీరా. అంత కష్టపడి కప్పుకుంది."

2022లో ఆఫీసు వెనక్కి పిలిచింది. గోపి అత్త దగ్గరే ఉండిపోయింది. పక్కింటాయన కాలవలో వదిలెయ్యమంటాడు. వద్దని చెప్పాను. ఈ జాతి బయటపడితే మన తాబేళ్ళ తిండికీ చోటుకీ పోటీ వస్తుంది. పెంకులకి కాల్షియం కావాలని నేను ఒకసారి అంటే, అత్త ఓడలరేవు ఒడ్డున కొట్టుకొచ్చే కటిల్ ఫిష్ ఎముకలు ఏరుకొచ్చి టబ్బులో వేస్తోంది. సముద్రపు నురుగు అంటుంది వాటిని.

మొన్న ఫోన్ చేసింది. "మీవాడు మళ్ళీ గీరుతున్నాడ్రా. గునపం తీశాను. తర్వాత మాట్లాడతా."