మోగ్లీ అడవి కుప్పం దారిలోనే

సెలవులొస్తే మా ఇంట్లో మోగ్లీ గోల. 'జంగిల్ బుక్' చూసిన పిల్లలకు ఆ అడవే కావాలంట! కిప్లింగ్ కథ నడిచేది మధ్యప్రదేశ్ సివనీ అడవుల్లో, అందుకే జనం పెంచ్ సఫారీకి ఎగబడతారు. 2016 సినిమాలో అడవి మాత్రం లాస్ ఏంజెలెస్ స్టూడియోలో, కంప్యూటర్ల మీద పుట్టింది.

మదనపల్లెలో ఉండి అంత దూరం ఎందుకు? పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వైపు పోతే కౌండిన్య అభయారణ్యం. 1980లలో పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయినాయి. 1967 డిస్నీ కార్టూన్‌లో మాదిరి కవాతు చేయవు లెండి. రాత్రి చేలో దిగితే పంటంతా తొక్కిడే. మంచె మీద రైతు చేతిలో టార్చి, పక్కన టపాసుల సంచి. "ఏనుగును చూసేదానికి ఇంత దూరం వస్తిరా సామీ!" అని నవ్వినాడొకాయన.

చిన్నపిల్లలుంటే నా ఓటు పుంగనూరు ఆవుకే. ఎత్తు మూడడుగులు కూడా ఉండదు. పక్కన నిలబడితే మా చిన్నదే పొడుగు, దాని గర్వం చూడాల! ఇంత ముద్దొచ్చే జీవి మీద ఒక్క పిల్లల సినిమా తీయరేం?

రాత్రి బస హార్స్‌లీ హిల్స్‌లో పెట్టుకోండి. వేసవిలో అయితే గది ముందే బుక్ చేసుకోవాల.