ఎవరి కోసం ఈ మాస్కు

మా పెద్ద బావగారికి కిడ్నీ మార్పిడి జరిగింది. ఇచ్చింది మా అక్కయ్యే. ఆ కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసిపుచ్చకుండా ఆయన జీవితాంతం టాక్రోలిమస్ లాంటి మందులు వేసుకోవాలి. అవి చేసేదల్లా రోగనిరోధక శక్తిని అణిచి ఉంచడం. అలాంటివారికి టీకాలు కూడా అందరికీ పనిచేసినంతగా పనిచెయ్యవు. అందుకే నలుగురిలోకి వచ్చేటప్పుడు ఆయన ఇప్పటికీ ఎన్95 మాస్కు పెట్టుకునే వస్తారు.

ఆమధ్య తణుకులో దగ్గరి చుట్టాల పెళ్లి. తలుపులన్నీ బిగించిన ఏసీ హాలు. లోపల అడుగుపెట్టగానే ఒక పెద్దాయన, "ఏవయ్యా, నిన్నింకా వదల్లేదా కరోనా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. బావగారూ నవ్వారు, కళ్లతోనే. అక్షింతలు వేశాక ఫోటోగ్రాఫర్ "సార్, ఒక్క ఫోటోకి అది తీసెయ్యండి" అంటే తీశారు. ముక్కు మీద పట్టీ ఒత్తుకున్న చోట ఎర్రటి గీత. ఫోటో అవగానే మళ్లీ తొడుక్కుని, రెండు పట్టీలూ తల వెనక్కి లాక్కుని, ముక్కు దగ్గర వేళ్లతో నొక్కుకున్నారు. జనం పల్చబడ్డాక ఆఖరి బంతిలో భోజనానికి కూర్చున్నారు. అప్పటికి పనసపొట్టు కూర అయిపోయింది.

ఆ రోజు నుంచి నన్నొక ప్రశ్న పట్టుకుంది. మాస్కు లేకుండా బయటికొస్తే తెలంగాణలో వెయ్యి రూపాయల జరిమానా వేసిన రోజులు మనం చూశాం. అప్పుడు పెట్టుకోనివాడు సంజాయిషీ చెప్పుకునేవాడు. ఇప్పుడు పెట్టుకున్నవాడు చెప్పుకుంటున్నాడు. ఈ మధ్యలో మారింది జబ్బా, మనమా?

జబ్బు మారిన మాట నిజమే. టీకాలొచ్చాయి, 2021 వేసవి లాంటిది మళ్లీ రాలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. మనకు గుర్తున్నది అంతవరకే. ఆ ప్రకటన చేస్తూనే సంస్థ అధిపతి టెడ్రోస్, అంతకుముందు వారం మూడు నిమిషాలకొకరు చొప్పున కోవిడ్‌తో పోయారని, ముప్పు తొలగిపోలేదని కూడా చెప్పారు. వార్తలో మొదటి సగం విని లేచిపోయాం మనం.

పోయినవాళ్ల లెక్క దగ్గరా ఇదే తీరు. 2020, 2021 సంవత్సరాల్లో మన దేశంలో మామూలుగా పోయేవారికన్నా దాదాపు 47 లక్షల మంది ఎక్కువ పోయారని ఆ సంస్థ అంచనా. మన అధికారిక లెక్క అప్పటికి ఐదు లక్షలకు లోపే. ఆ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎవరి పద్ధతి సరైనదో తేల్చే చదువు నాకు లేదు. కానీ మా ఊళ్లో 2021 మే నెలలో ఏ పరీక్షా లేకుండా, నులకమంచం మీదే ఆయాసపడి పోయినవాళ్లున్నారు. వాళ్ల కాగితాల్లో ఎక్కడా కరోనా అని ఉండదు.

బతికి బయటపడ్డవాళ్లలోనూ కొందరిది లెక్కకు దొరకని కష్టమే. మా వీధి టీచరమ్మ మేడెక్కుతూ మలుపు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుంటుంది. "రిపోర్టులన్నీ నార్మలేనండీ. నేనే నార్మల్‌గా లేను" అంటుంది. లాంగ్ కోవిడ్ అని పేరైతే పెట్టారు గాని, ఇదీ అని తేల్చిచెప్పే ఒక్క పరీక్షంటూ లేదు.

మళ్లీ మాస్కు దగ్గరికొస్తే, మొదట్లో మనకు చెప్పింది మన తుంపరలు ఎదుటివారి మీద పడకూడదనే. గుడ్డ మాస్కులూ సర్జికల్ మాస్కులూ పెట్టుకున్నవాడికన్నా ఎదుటివాడికే ఎక్కువ మేలు చేస్తాయి. ఎన్95 సంగతి వేరు. ముఖానికి బిగుతుగా అంటుకుంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లోనూ కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. దాని పోగుల్లో ఉన్న స్థిర విద్యుత్తు రేణువుల్ని పట్టుకుంటుంది. సబ్బుతో ఉతికితే అది పోతుంది. అందుకే మా అక్కయ్య కాగితం సంచుల మీద సోమ, మంగళ అని వారాల పేర్లు రాసి, మార్చి మార్చి ఇస్తుంది. ఎంత జాగ్రత్తపడినా ఇద్దరూ పెట్టుకుంటే దక్కే రక్షణ ఒక్కరు పెట్టుకుంటే దక్కదు. ఒకప్పుడు ఊరంతా పంచుకున్న బరువు ఇప్పుడు అందరికన్నా ఓపిక తక్కువున్నవాడి మీద పడింది.

అలాగని హాలంతా మాస్కులు తొడుక్కోవాలని బావగారు అడగలేదు. నేనూ అడగను. పెళ్లిలో నవ్వే ముఖాలు కనిపించాలి. కానీ, అయితే అందరూ, లేకపోతే ఎవరూ వద్దు అన్నట్టు ఎందుకు తయారయ్యాం? ఆ రోజు రెండు కిటికీలు తెరిపించమంటే మండపం కుర్రాడు "చల్లదనం పోతుందండీ" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పట్లో మనం మాస్కు పెట్టుకున్నది ఎదుటివారి మీద దయతోనా, జరిమానా భయంతోనా అన్నదానికీ నా దగ్గర ఖాయమైన జవాబు లేదు. రెండూ కలిసే ఉండి ఉంటాయి.

ఇప్పుడు ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో, జలుబు చేసినప్పుడు ఆర్టీసీ బస్సులో నేనూ పెట్టుకుంటున్నాను. పక్క సీటాయన నన్ను చూసి, నాకేదో పెద్ద జబ్బుందనుకుని, కాస్త ఎడంగా జరుగుతాడు. జరగడమే మంచిది. దగ్గుతున్నది నేనే కదా.