ఇద్దఱికొక బస: అనంతపురము సీమలో నాలుగు దినములు

మార్గశిరమున చలి ముదిరినపుడు, పిల్లల చదువులకును బంధువుల పెండ్లిండ్లకును నడుమ నాలుగు దినములు తెఱపి దొరకినచో, దంపతులు ఎక్కడికైన పోయిరావలెననుకొనుట సహజము. మాకా తెఱపి దొరకుటకు ఇరువదియాఱేండ్లు పట్టినది. కాపురమునకు వచ్చిననాటినుండి మామగారి జబ్బు, మఱదుల చదువులు, పిల్లలు, కడపట ఎనిమిదేండ్లు మంచము పట్టిన అత్తగారు. క్రిందటి సంవత్సరము ఆమె స్వర్గస్థులైరి. కర్మలు ముగిసి చుట్టములు వెళ్లిన పిమ్మట ఇంట మిగిలినవారము మేమిద్దఱమే. మందుల వేళ, పాలలెక్క, కరెంటు బిల్లు, ఇవి తప్ప ఒకరితో నొకరము చెప్పుకొనుటకు మాకు మాటలే లేవని అప్పుడుగాని తెలియలేదు. భోజనమునొద్ద ఇరువురమును చెరియొక చేతిఫోను చూచుకొనుచు కూర్చుండెడివారము.

ఎక్కడికి పోవుదమన్న ప్రశ్న రాగానే మా ఆడుబిడ్డ అరకు పొమ్మనెను. మా పెద్దపిల్ల ఊటీ యనెను. మేము అనంతపురమన్నాము. అందఱును నవ్విరి. కఱవు సీమకు విలాసయాత్ర యేమని వారి భావము. మా కారణము వేఱు. మావారు పెండ్లికి ముందు, ఉద్యోగమున చేరిన క్రొత్తలో, రెండేండ్లు ఆ యూర నుండిరి. ఆ దినములగూర్చి ఆయన ఎన్నడో ఒక కథ మొదలుపెట్టి, లోపలినుండి అత్తగారు పిలువగా సగములో లేచి వెళ్లిరి. మిగిలిన సగము మేమడుగలేదు, ఆయన చెప్పలేదు.

మాది తెనాలి ప్రాంతము. గుమ్మము దాటిన కాలువ, కాలువ దాటిన కాలువ. అట్టివారికి ఆ పీఠభూమి మఱియొక దేశమువలె తోచును. ఏడాదికి అచ్చట కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైఋతి ఋతుపవనము పడమటి కనుమలమీదనే తన బరువు దించుకొని వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము సముద్రము దూరమగుటచేత దారిలోనే అలసిపోవును. నేలపై వేరుసెనగ, నేలక్రింద ఏటేట లోతునకు దిగు బోరుబావులు. అయినను డిసెంబరు, జనవరి నెలలలో ఆ సీమ గాలి యెంత తేలికగా నుండునో మేము మాటలలో చెప్పజాలము. మన వైపు మంచు, చెమ్మ అచ్చట లేవు. రాత్రి వెచ్చని దుప్పటి చాలును. పగటియెండ కూర్చుండుటకు హితవుగా నుండును.

ఇక బస మాట. ఊరు నిర్ణయించినంత సులభము కాదది. ఫోనుతెరమీద గదుల చిత్రములన్నియు ఒక్కతీరుగనే యుండును: తెల్లని పఱుపు, దానిపై హంసవలె మడిచిన తువాలు. చిత్రము చూచి ఎన్నుకొనుట పెండ్లిచూపులలో పట్టుచీర చూచి పిల్లను మెచ్చుకొనుటవంటిదే. మేము ఫోనుచేసి మూడు సంగతులడిగితిమి. కిటికీ తెఱుచుకొనునా? తెల్లవాఱుజామున లేచి బయటికి నడచిపోవుటకు వీలున్నదా? నీ రెక్కడినుండి వచ్చును? మొదటి రెంటికి అందఱును ఏదో చెప్పిరి. మూడవదానికి ఒక గుమాస్తా నవ్వి, “నీళ్లకు లోటేమమ్మా, స్నానపు తొట్టికూడ నున్నది” అనెను. మావారికి నడుమునొప్పి కలదు. తొట్టి యనగానే మేము లొంగిపోతిమి.

ఆ సీమలో బాటసారికి బస యనగా పూర్వము నీరే. సత్రము కట్టించినవాడు ముందు బావి త్రవ్వించెడివాడు. దత్తమండలములకు 1800 మొదలు 1807 వరకు ముఖ్య కలెక్టరుగ నుండిన తామస్ మన్రో 1827లో పత్తికొండవద్ద కలరాతో మరణింపగా, ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో బావియు, గుత్తిలో సత్రమును ఏర్పడినవి. దొరకు విగ్రహము నిలుపుటకంటె ఇది ఆ నేలకు తగిన పనియని మా యభిప్రాయము.

గుంతకల్లుమీదుగ రైలులో పోయి సాయంకాలమునకు అనంతపురము చేరితిమి. గడియారస్తంభముచుట్టును బజారు క్రిక్కిఱిసియుండెను. హోటలు నిజముగనే గొప్పది. ఐదవ యంతస్తున గది, అద్దాల కిటికీ, చెప్పిన తొట్టియు నుండెను. మావారు వేడినీరు నిండుగ పట్టుకొని అరగంట సేపందులో నుండిరి. తరువాత టెలివిజను పెట్టిరి. మేము ఫోను తీసితిమి. ఇంటినే మోసికొని వచ్చినట్లుండెను.

మఱునాడు వేకువను తెర తొలగించి చూచితిమి. కిటికీ తెఱుచుకొనలేదు. క్రింద హోటలు ప్రహరీ కవతలి సందులో నీళ్లలారీ యొకటి నిలిచియుండెను. దానిచుట్టును రంగురంగుల ప్లాస్టికు బిందెలు. వానివెంట స్త్రీలు, పలక పట్టుకొన్న పిల్లయొకతె. ఎవరికెన్ని బిందెలో వారిలో వారికి లెక్క యున్నట్లున్నది, తగవు లేదు. లారీ వెళ్లినపిదప ఒక ముసలామె గొట్టమునుండి కాఱిన నీటిని చెంబుతో ఎత్తుకొనుచుండెను. మావారుకూడ వచ్చి చూచిరి. చాలసేపు నిలిచిరి. “ఇక్కడ వద్దు, పోదము పద” అనిరి. ఎందుకని మేమడుగలేదు. రెండవ దినపు అద్దె ముందే కట్టియుంటిమి, అది తిరిగిరాలేదు. తొట్టి కాశపడినది మేమే కనుక ఆ నష్టమునకు ఎవరిని నిందింతుము?

దిగువ వీధిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, బుక్కరాయసముద్రము చెఱువుకట్టపై కొంతసేపు నడచితిమి. కట్ట తెగినపుడు ఊరు నిలుచుటకై తన్ను తాను బలియిచ్చుకొన్న ముసలమ్మ కథ ఈ చెఱువుదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని కావ్యముగ వ్రాసిరి. ఆమె ఒక ఇంటి కోడలు. ఎప్పుడును కోడలే యేల పోవలెనని మేము మావారినడుగగా ఆయన జవాబు చెప్పలేదు గాని, మెట్లు దిగునపుడు చేయి పట్టుకొనిరి.

దక్షిణముగ లేపాక్షికి బయలుదేఱితిమి. 2022 ఏప్రిలులో జిల్లాను విభజించినందున పెనుగొండ, హిందూపురము, లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. త్రోవపొడుగునను గుండ్లు పేర్చినట్టి కొండలు. 1565 యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుగొండ కోట కనబడెను. దాని చేరువనే ఎఱ్ఱమంచివద్ద 2019 నుండి కొరియావారి కార్ల కర్మాగారము నడచుచున్నది; బాటప్రక్క కొరియా లిపిలో భోజనశాలల పలకలు చూచి ముచ్చటపడితిమి. ఒకచోట బండి నిలిపి డ్రైవరు నిండుకాలువ నొకదానిని చూపి, “హంద్రీ–నీవా అమ్మా, మీ కృష్ణ నీళ్లే” అనెను. శ్రీశైలమునుండి ఎత్తిపోసి ఇంతదూరము తెచ్చిన నీరది. మన యింటి వెనుక పాఱునప్పుడు మేమెన్నడు దానివంక ఇంత తేఱిపాఱ చూడలేదు.

లేపాక్షిలో పర్యాటక సంస్థవారి హరిత యతిథిగృహ మున్నది. పదునైదు కిలోమీటర్లలో నున్న హిందూపురమున వసతిగృహములు పెక్కు. మేము దిగినది ఎనిమిది గదుల చిన్న యిల్లు. టెలివిజను లేదు. కిటికీ తెఱచిన వేపచెట్టు, దాని వెనుక బండరాళ్లు. గృహయజమానురాలు గది చూపుచు, “ఉదయము ఆఱింటికి మనిషికొక బక్కెట్టు వేడినీళ్లు. మఱి కావలెనన్న చన్నీళ్లు అర బక్కెట్టు. కోపపడకూడదు” అని ముందే చెప్పెను. మేము ఫోనులో అడిగిన మూడవ ప్రశ్నకు సరియైన సమాధానము మాకప్పటికి దొరకినది. రాత్రి రాగిసంగటి, వేరుసెనగ పచ్చడి పెట్టెను. మఱునాడు ఓళిగలు చేసెదనని మాటయిచ్చి నిలువబెట్టుకొనెను.

వేకువనే నందివద్దకు నడచితిమి. ఒకే రాతిలో తొలిచిన యా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు. మెడలోని గంటలపేరు, వీపుమీది వస్త్రపు అంచు ఎండ పొడ సోకగానే ఒక్కొక్కటిగ తేలివచ్చినవి. ఆ సమయమున అచ్చట మేమును, ఒక మేకల కాపరియు తప్ప ఎవ్వరును లేరు. ఆలయమందలి ఏడు పడగల నాగలింగమును, తల్లి వంట ముగించులోపల శిల్పులు చెక్కిరని చెప్పుదురు. ఆనాటి వంట ఏమో, ఎందఱికో, ఆ తల్లి గూర్చి ఎవ్వరును చెప్పరు. నేలనంటని స్తంభముక్రింద అందఱివలె మేమును పైటకొంగు దూర్చి చూచితిమి.

మేము ఎక్కువసేపు కూర్చున్నది వెనుకభాగమందలి కల్యాణమండపమున. అచ్యుతరాయల కాలమున, సుమారు 1530 ప్రాంతమున, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ గుడి కట్టించిరి. శివపార్వతుల పెండ్లికని మొదలిడిన యా మండపము పూర్తికాలేదు. పైకప్పు లేదు. ధనము దుర్వినియోగము చేసెనన్న నింద వచ్చి, విరూపణ్ణ తన కన్నులు తానే పెఱికి గోడకు కొట్టెనని కథ. గోడమీది ఎఱ్ఱని మరకలు నేటికిని చూపుదురు.

ఆ స్తంభముల నడుమ, ఎండలో, మావారు తన సగము కథ అందుకొనిరి. అనంతపురమున ఆయన అద్దెకున్న యింటి అవ్వ దినమునకు రెండు బిందెల నీరిచ్చెడిది. తెనాలి పిల్లవాడు గదా, ఒక ఆదివారము బిందెడు నీటితో సైకిలు కడిగిరి. అవ్వ చూచినది, ఏమియు ననలేదు. మఱునాడు ఆయన వాకిట యథాప్రకారము రెండు బిందెలుండెను. సాయంకాలము పొరుగువారివలన తెలిసినది: ఆ రెండవ బిందె అవ్వ స్నానము మాని ఇచ్చినదట. క్షమింపుమని అడుగుటకు నోరురాక ఆయన నెలలోపల ఇల్లు మారిరి. తరువాత బదిలీ, పెండ్లి. ఎప్పుడో పోయి చూడగా ఆ సందే లేదు.

“ఇన్నేండ్లు నాతో నేల చెప్పలేదండీ?” అని అడిగితిమి.

“అమ్మకు నీవు నీళ్లుపోయుట దినమును చూచుచుంటిని. ఏ మొగముతో చెప్పుదును?” అనిరి.

మేమేమియు ననలేదు. కొంతసేపటికి, ఆ ఎనిమిదేండ్లలో మేము ఎవ్వరికి చెప్పుకొననివి మేమును మొదలుపెట్టితిమి. కొన్ని ఆయనకు వినుటకు కష్టముగ నుండినవి. ఎండ స్తంభముల వెనుకకు జరిగినది. కావలివాడు వచ్చి గుడి మూయువేళ యైనదనెను. బసకు వచ్చుసరికి ఓళిగలు చల్లారియుండెను. ఆ యిల్లాలు వానిని మరల పెనముమీద వేసి, నేయి రాచి, మమ్ము కూర్చుండుమనెను.