కేదార్‌కంఠ దారి నుంచి నాన్నగారికి

సాంక్రి, రాత్రి



అందరం క్షేమంగా చేరాం. ముందు మీకు రోడ్డు సంగతి చెప్పాలి. తెల్లవారకముందే డెహ్రాడూన్‌లో బయల్దేరితే ముస్సోరీ, నౌగావ్, పురోలా, మోరీ దాటి ఇక్కడికొచ్చేసరికి సాయంత్రమైంది. దూరం రెండు వందల కిలోమీటర్లే అయినా అంతా ఘాట్ రోడ్డే. లంబసింగి మలుపుల్లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మీరు మా డ్రైవరును చూస్తే భుజం తట్టేవారు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు, ఎదురొచ్చే బండికి దారిచ్చాకే కదిలాడు. నేట్వార్ దగ్గర రూపిన్, సూపిన్ కలిసి టోన్స్ నది అవుతాయి. ఆ చోట బండి ఆపించి అందరికీ చూపించాను.

మేం మొత్తం పద్నాలుగు మందిమి. విశాఖలో ఉన్నప్పుడే వీపున బ్యాగులు తగిలించి వీళ్లందరిచేతా సింహాచలం మెట్లెక్కించాను. ఎవరు ఎంత వేగంగా ఎక్కుతారన్నది నాకు ముఖ్యం కాదు. ఆయాసం వచ్చినప్పుడు నోరు తెరిచి చెప్పేదెవరు, దాచుకునేదెవరు అన్నదే చూశాను. దాచుకునేవాళ్లతోనే కొండ మీద ప్రమాదం.

ఈ సాయంత్రం అందరి బ్యాగులూ విప్పించాను. నూలు బనియన్లు, జీన్స్ ప్యాంట్లు లాడ్జిలోనే ఉండిపోతాయి. చెమటకు తడిసిన నూలు త్వరగా ఆరదు. నడక ఆపగానే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే పలుచని చొక్కా, దాని మీద ఉన్ని లాంటిది, ఆ పైన గాలి చొరబడని జాకెట్. ఎక్కేటప్పుడు ఒకటి విప్పాలి, ఆగగానే వేసుకోవాలి. నల్ల కళ్లద్దాలు లేకుండా ఎవరూ కదలకూడదన్నాను. మంచు మీది ఎండకు కళ్లు మండిపోయి చూపే ఆగిపోతుంది.

అమ్మ భయపడుతుందని తెలుసు. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ జిల్లాలో, సహస్రతాల్ దారిలో మంచు తుఫానుకు చిక్కి కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి బయల్దేరే వేళ కంటే వెనక్కి తిరిగే వేళనే ముందు రాసిపెట్టుకుంటున్నాను. శిఖరం రోజున ఎవరు ఎక్కడున్నా సరే, పది గంటలు కొట్టగానే వెనక్కి తిరగాలి. ఆ మాటకు అందరినీ ఒప్పించాను.

బేస్ క్యాంపు, 11,250 అడుగులు

నాన్నగారూ, పెన్ను సిరా గడ్డకట్టింది, పెన్సిల్‌తో రాస్తున్నాను. ఫోనుకు సిగ్నల్ లేదు, చలికి బ్యాటరీ కూడా నిలవడం లేదు. దిగాక రెండు ఉత్తరాలూ కలిపి పోస్టు చేస్తాను.

నిన్న జూడా కా తాలాబ్ గట్టున పడుకున్నాం. చెరువు గడ్డకట్టి ఉంది. మా గైడు సాంక్రి ఊరివాడే. ఎవరినీ చెరువు మీదికి అడుగు వేయనివ్వలేదు, ఫొటో కోసం ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. దారిలో ముందు అతను నడుస్తాడు, ఆఖరున నేను. వెనకబడినవాళ్లు ఎలా అడుగు వేస్తున్నారో ఆఖరున ఉంటేనే తెలుస్తుంది. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోమని అతనే నేర్పాడు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూతి వైపు నీరుగానే ఉంటుంది.

ఈ మధ్యాహ్నం మా బృందంలోని బ్యాంకు ఆఫీసరు గారు భోజనం ముట్టలేదు. యాభై దాటినవారు, సింహాచలం మెట్లు అందరికంటే ముందు ఎక్కినవారు. తలనొప్పి ఉందా అంటే లేదన్నారు. వేలికి ఆక్సిమీటర్ పెడితే 84. ఈ ఎత్తులో ఆ అంకె ఒక్కటే చూసి కంగారుపడక్కర్లేదు. కానీ బూటు లేసు కట్టుకోవడానికి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆ తర్వాత వాంతి. ఎత్తు పడనివారికి దిగడమే మందు, మాత్ర వేసుకుని పైకి పోకూడదు. “ఇంత దూరం వచ్చానమ్మా, ఒక్క రాత్రి చూద్దాం” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నా గొంతు కూడా పట్టేసింది. అయినా కుదరదన్నాను. వెలుతురు ఉండగానే గైడు తమ్ముణ్ణి తోడిచ్చి తాలాబ్‌కు దింపించాను. కిందికి చేరాక టార్చి మూడుసార్లు ఊపమన్నాం. చెట్ల సందున వెలుగు కనిపించాకే అన్నం తిన్నాను.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలి. రాత్రి చలికి బిగిసిన మంచులో బూట్లకు తగిలించే మైక్రోస్పైక్స్ పళ్లు బాగా దిగుతాయి. ఎండెక్కితే మోకాళ్ల దాకా కూరుకుపోతాం.

సాంక్రి, దిగివచ్చాక

శిఖరం 12,500 అడుగులు. పదకొండు మందిమి చేరాం. ఇద్దరు ఆఖరి ఏటవాలు కింద గైడు తమ్ముడితో ఆగిపోయారు. అతను ఆఫీసరు గారిని పడుకోబెట్టి, తెల్లవారకముందే మళ్లీ మమ్మల్ని అందుకున్నాడు! తూర్పున స్వర్గారోహిణి కనిపించింది. పాండవులు స్వర్గానికి నడిచారని ఇక్కడివాళ్లు చెప్పుకునే కొండ అదే. గైడు దానికి దణ్ణం పెడితే మేమూ పెట్టాం. తొమ్మిదిన్నరకే దిగడం మొదలెట్టాం.

ఆఫీసరు గారు తాలాబ్ దగ్గర రాజ్మా, అన్నం కడుపు నిండా తిని కూర్చున్నారు. మొహం తేటపడింది. దారి పొడుగునా ఆయనతోనే నడిచాను. నన్ను పట్టుకున్న ఆలోచన ఒకటుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదంటారు డాక్టర్లు. అందరూ నడిచే ఈ దారిలో తాలాబ్ నుంచి బేస్ క్యాంపుకే రెండు వేల అడుగుల పైన. అంటే ఆరు వందల మీటర్లకు పైమాటే. సెలవులు కలిసిరావాలని తొందరగా నడిపిస్తారు. కొందరి ఒంటికి అది సరిపోతుంది, ఆయనకు సరిపోలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

వచ్చే శీతాకాలం మళ్లీ వస్తానన్నారు. సరే అన్నాను. ఈసారి తాలాబ్ దగ్గర రెండు రాత్రులు ఉంటాం. రెండో రోజు కాస్త పైకి నడిచి, కిందికే వచ్చి పడుకుంటాం. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టలేనివాళ్లను తీసుకురాను.

అమ్మకు చెప్పండి, వేళ్లన్నీ బాగున్నాయి.

మీ అమ్మాయి