చెప్పుల కాపలా

థాయ్‌లాండ్ వెళ్తున్నామంటే మా బంధువుల్లో మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆడవాళ్ళు "మీ ఆయన్ని తీసుకుని అక్కడికా?" అన్నారు. మేం వెళ్ళింది పట్టాయాకి కాదమ్మా, కో సముయ్‌కి. కో అంటే దీవి. మే నెలలో ఫుకెట్ వైపు వానలు మొదలవుతాయి, సముయ్ రెండో పక్క సముద్రంలో ఉంది కనక అప్పుడక్కడ ఎండలే ఎక్కువ. అమ్మాయి డిగ్రీ పరీక్షలయ్యాయి, నా చీటీ డబ్బులు చేతికొచ్చాయి.

బ్యాంకాక్ నుంచి దీవికి విమానం ఉంది గానీ, టికెట్టు ధర చూసి ఆయన ఫోను పక్కన పెట్టేశారు. రాత్రి రైల్లో ఫ్యాన్ బెర్తులు తీసుకున్నాం. పొద్దున్నే సూరత్ థానిలో దిగి, బస్సులో డాన్‌సక్ రేవుకి వెళ్ళి, అక్కడ పెద్ద పడవెక్కితే గంటన్నరకి దీవి. రైల్లో ఒక కుర్రాడు వచ్చి అందరికీ పరుపులు వేసి, దుప్పట్లు పరిచి వెళ్ళాడు. ఇంకొకరు పక్క వేస్తే పడుకోవడం నాకు పెళ్ళయ్యాక పురుళ్ళప్పుడు తప్ప మళ్ళీ ఇదే.

సూరత్ థాని పేరు మన గుజరాత్ సూరత్‌ని చూసి పెట్టిందేనట. 1915లో వజిరావుధ్ రాజు పెట్టాడు. ఆయన పేరు మన వజ్రాయుధమే! అక్కడి నదికి కూడా మన తపతి పేరే, తాపీ అని. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, ఇలాంటివి దొరికితే వదల్లేను. భోజనాన్ని వాళ్ళు 'ఆహాన్' అంటారు, మన ఆహారమే. రాతలో చివర 'ర' ఉంటుంది, నోట్లో 'న' అయిపోతుంది. వేళని 'వేలా' అంటారు. ఇంకా చెప్పబోతుంటే అమ్మాయి "అమ్మా, చాలు" అంది.

దీవిలో తిరగడానికి సొంగ్‌థేవ్. వెనక రెండు బల్లలున్న చిన్న ట్రక్కు, మన షేర్ ఆటోకి పెద్దన్న. ఎక్కకముందే ధర అడగాలి, చీకటి పడితే పెంచుతారు. కూరగాయల బండి దగ్గర నేర్చిన విద్యంతా అక్కడ పనికొచ్చింది, వేళ్ళతోనే బేరం.

"కుక్కర్ పెట్టుకోలేదా?" అని ఆయన శంషాబాద్‌లో అడిగారు. ఆ బరువు నేను మొయ్యనన్నాను. ఆవకాయ మాత్రం ఉంది. రోడ్డు పక్క ఒకావిడ పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేరుశనగపప్పు, నిమ్మరసం రోట్లో దంచి ఇచ్చింది. దాన్ని సొమ్ తమ్ అంటారు. రోలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. శాకాహారులు మాత్రం పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరం ఉన్న కొట్టు వెతుక్కోండి. అది 'జే' భోజనం, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మిగతా చోట్ల దాదాపు అన్నిట్లోనూ చేపల సాస్ పోస్తారు.

మేం దిగిన లమాయ్ తీరం చివర హిన్ తా, హిన్ యాయ్ అని రాళ్ళున్నాయి. తాత రాయి, అమ్మమ్మ రాయి. కొడుక్కి పిల్లనడగడానికి పడవలో బయల్దేరిన ముసలి దంపతులు తుఫానులో పోయి రాళ్ళయ్యారని కథ. వాటి ఆకారం గురించి ఇక్కడ రాయను. ఆయన సముద్రం కేసి చూస్తూ నిలబడ్డారు, అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

ఇక సముద్రం. రుషికొండ కానీ, సూర్యలంక కానీ, ఇన్నేళ్ళూ బీచికెళ్తే నా పని ఒకటే. చెప్పులు, ఫోన్లు, పర్సు, తువ్వాళ్ళు ముందేసుకుని కూర్చోవడం. "నువ్వూ రా" అంటారు, అనేసి వెళ్ళిపోతారు. సామాను ఎవరు చూస్తారన్న మాట ఎవరి నోటా రాదు. మీరూ కూర్చునే ఉంటారు.

లమాయ్‌లో రెండో రోజు పొద్దున ఆ మూట ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఈత రాదుగా నీకు?"

"నడుం లోతు దాకానే."

పాత చుడీదార్, చున్నీ లేదు. చుట్టూ అరకొర బట్టల్లో తెల్లవాళ్ళు, ఒంటినిండా బట్టలతో నేను. ఒక్కరూ నా వంక చూడలేదు, ఆయన తప్ప.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నడుం దాకా వెళ్ళి కూలబడ్డాను. అల లేపింది, దింపింది. పురిటి స్నానంలో అమ్మ తలమీద నీళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నానే, అలా కూర్చున్నాను. అమ్మాయి వచ్చి నా వీపు కింద చెయ్యి పెట్టి, వెల్లకిలా తేలమంది. "మెడ వదిలెయ్యమ్మా" అంది. మెడ వదలడం ఎలాగో చాలాసేపటిదాకా తెలియలేదు. తరవాత చెవుల్లో నీళ్ళ చప్పుడు, పైన ఆకాశం, అంతే.

ఒడ్డున ఆయన లేచి నిలబడి చెయ్యి ఊపుతున్నారు. కాఫీ వేళయింది. చూడనట్టు ఊరుకున్నాను.

ఇంకో అరగంటకి వెళ్తే, చెప్పులన్నీ జతలుగా పేర్చి, తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు.

"ఇసుక కాలిపోతోంది. ఇంతసేపు ఎలా కూర్చుంటావు నువ్వు?"

"గొడుగు తెచ్చుకోవాలి" అన్నాను.

మర్నాడు పొద్దున ఆయనే వెళ్ళి గొడుగు కొనుక్కొచ్చారు. నూట యాభై బాత్‌లు, బేరమాడకుండా.