చదరంగపు గింజల లెక్క

చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులను నింపినచో మొత్తమెంత యను ప్రశ్న చదువరు లెరుగనిది కాదు. మహావీరాచార్యుని గణితమును తెనిగించిన పావులూరి మల్లన ఈ మొత్తమును ఒక పద్యమున ఇమిడ్చినాడు. చంద్రుడన్న ఒకటి, శరములన్న ఐదు, రంధ్రములన్న తొమ్మిది. ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనుచు పోయినచో 18446744073709551615 వచ్చును. సెకనుకొక గింజ చొప్పున లెక్కించినను 58 వేల కోట్ల సంవత్సరములు చాలవు.

అరకు లోయలోని మా తరగతిలో నేలమీద సుద్దతో గడులు గీసి, చోడిగింజలతో ఈ లెక్క చేయించితిమి. పదవ గడి నిండునప్పటికి 1023 గింజలైనవి. అంతలో పిల్లల ఓపిక తీరినది, కోళ్లును వచ్చినవి. కావున బోర్డు నాశ్రయించితిమి.

ఈ మొత్తము 2 యొక్క 64వ ఘాతమునకు ఒకటి తక్కువ. వర్గాంతర సూత్రముచే మరల మరల విడదీసినచో 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు కారణాంకములు తేలును. "ఇవి ఆరును ప్రధానసంఖ్యలే" యని మేము వ్రాసితిమి.

వెనుకబల్ల బాలుడొకడు లేచి, "కడపటిదానిని ఎవరు భాగించి చూచినారండి?" అనెను. ఇంట ఆదివాసి ఒడియా మాటాడు బిడ్డడు. తెలుగు ఇంకను కూడబలుకుకొనుచుండెను. తరగతి నవ్వెను. శిక్షణ కళాశాలలో చదివివచ్చిన మాకు ఆ ప్రశ్న పెడసరముగా తోచెను. "కూర్చుండుము" అంటిమి. నిజమునకు మేమును భాగించి చూచినవారము కాము.

క్రిస్మసు సెలవులు ముగిసిననాడు అతడొక నోటుపుస్తకము మా బల్లమీద పెట్టి, మాటాడక నిలుచుండెను. 2 మొదలుకొని ప్రధానసంఖ్యలన్నిటితోను వరుసగా భాగహారములు! 116వది 641. శేషము సున్న, లబ్ధము 6700417. మేము మూడుమారులు భాగించి చూచితిమి. తప్పు మాదే.

గ్రంథములు వెదకగా, 17వ శతాబ్దమున ఫెర్మా అను ఫ్రెంచి పండితుడును మావలెనే పొరబడెనని తెలిసినది. 1732లో ఆయిలరు ఈ 641నే చూపెను. ఈ సంఖ్యను భాగించు ప్రధానసంఖ్య యేదైనను 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చినదే కావలెనట. అట్టివి 193, 257, 449, 577, పిమ్మట 641. ఐదు భాగహారములతో తీరవలసినదానికి ఆ బిడ్డడు 116 చేసినాడు. దారి తెలియనివారము, కూర్చుండుమని మాత్రము చెప్పగలిగితిమి.

మరునాడు తరగతి యెదుట మా తప్పు చెప్పి, ఆ నియమమును వివరించితిమి. వెంటనే అతడు, "అయితే 6700417 సంగతి యేమండి?" అనెను. ఈమారు సుద్దముక్క అతని చేతికే ఇచ్చితిమి. దాని వర్గమూలము 2589కి లోపు. 641కి లోపలివాటితో మరల పనిలేదని అతడే చెప్పెను. అంతవరకు పరీక్షింపవలసినవి ఏడే మిగిలినవి. మధ్యాహ్నపు గంటకు ముందే అన్నియు భాగించి, "ఇది ప్రధానసంఖ్యే" యని మేము ముందు తప్పుగా వ్రాసినచోటనే వ్రాసెను.